కొత్త ఉద్యోగికి చెప్పకూడని సలహాలు

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు మొదటి జీతం పడకముందే సలహాలు మొదలవుతాయి. వడ్డాదిలో బస్సు దిగి నడుస్తుంటేనో, ఎంపీడీవో ఆఫీసు వరండాలోనో, పెళ్లి భోజనాల దగ్గరో ఎవరో ఒకరు భుజం మీద చెయ్యి వేసి చెబుతారు. రిజర్వేషన్‌లో వచ్చినవాళ్లకు ఒక రకం సలహా, జనరల్‌లో వచ్చినవాళ్లకు ఇంకో రకం, ఆ ఇద్దరి చేతా పని చేయించాల్సిన అధికారికి మరో రకం. చెప్పేవాళ్లలో చాలామంది మేలు కోరే చెబుతారు. అందుకే ఆ మాటలు మనసులో దిగబడిపోయి, ఏళ్ల తరబడి మనిషిని లోపలినుంచి తినేస్తాయి. ఉద్యోగుల మనశ్శాంతిని రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే రిజర్వేషన్ పట్టిక, పాడుచేస్తోందని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. రోస్టర్ మీద మనం చెప్పుకునే ఈ మాటలే అంతకంటే ఎక్కువ పాడుచేస్తున్నాయని నా గట్టి నమ్మకం. అందుకే వాటిని ఇక్కడ రాసి, ఎందుకు వినకూడదో, బదులుగా ఏం చెయ్యాలో చెబుతున్నాను.

బుచ్చయ్యపేట మండలాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇక్కడ ఉద్యోగమంటే తహసీల్దారు ఆఫీసు, బడి, పీహెచ్‌సీ, గ్రామ సచివాలయం. 2019 అక్టోబరు 2న సచివాలయ వ్యవస్థ మొదలైనప్పుడు రాష్ట్రమంతటా లక్షకు పైగా కుర్రాళ్లు, ఆడపిల్లలు ఒక్కసారిగా ప్రభుత్వ ఉద్యోగంలోకి వచ్చారు. పంచాయతీ కార్యదర్శి, వెల్ఫేర్ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు, సర్వేయరు, ఇంజినీరింగ్ అసిస్టెంటు, మహిళా పోలీసు, ఏఎన్ఎం, వ్యవసాయ సహాయకులు అందరూ ఒకే భవనంలో కూర్చున్నారు. రిజర్వేషన్ల ప్రకారం రాష్ట్రంలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6, బీసీలకు ఏ నుంచి ఈ దాకా కలిపి 29, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం; వీటన్నిటి లోపలా మహిళలకు మూడో వంతు, వికలాంగులకు 4 శాతం. ఊళ్లో ఒక రచ్చబండ మీద కలిసి కూర్చోని వర్గాలవాళ్లు కూడా ఇప్పుడు ఒక గదిలో, ఒకే ప్రింటరు వాడుకుంటూ పనిచేస్తున్నారు. ఇది చిన్న మార్పు కాదు.

“ఏ కోటాలో వచ్చావో ఎవరికీ తెలియనివ్వకు.”

అమ్మానాన్నలు ఎక్కువగా చెప్పే సలహా ఇది. భయంతో చెబుతారు, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. కానీ ఎంపిక జాబితాలో పేరు పక్కనే కేటగిరీ ఉంటుంది. మండలంలో ఎవరు ఏ వీధివాళ్లో అందరికీ తెలుసు. తెలిసిన సంగతిని దాచాలని చూస్తే దాచేవాళ్లకే బరువు. భోజనాల దగ్గర కులం మాట వచ్చినప్పుడల్లా లేచి వెళ్లిపోవడం, ఊరు పేరు అడిగితే సగం చెప్పి ఆగిపోవడం, ఇలా రోజూ బతికే మనిషికి ఉద్యోగంలో తృప్తి ఎక్కడినుంచి వస్తుంది?

అమెరికాలో మెడలిన్ హైల్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సహచరులతో కలిసి 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఫలానా వ్యక్తి అఫర్మేటివ్ యాక్షన్ (మన రిజర్వేషన్ లాంటి ఏర్పాటు) కింద ఉద్యోగంలో చేరారని ఒక్క మాట చెప్పగానే, చూసేవాళ్లు ఆ వ్యక్తి సామర్థ్యాన్ని తక్కువగా అంచనా కట్టారు. ఆ తర్వాతి పరిశోధనల్లో తేలిన రెండో సంగతి మనకు మరీ ముఖ్యం. ఎంపికలో ప్రతిభను కూడా కొలిచారని స్పష్టంగా చెప్పినచోట ఆ చిన్నచూపు తగ్గింది. అంటే దాచడం వల్ల ఒరిగేదేమీ లేదు, పూర్తి సంగతి తెలియడం వల్ల మేలు ఉంది. ఆ పూర్తి సంగతి చెప్పాల్సింది కొత్తగా వచ్చినవాళ్లు కారు, అధికారి. చేరిన రోజున అందరి ముందూ “ఈమె ఫలానా డిగ్రీ చేశారు, పోటీ పరీక్ష రాసి వచ్చారు, ఈ రోజు నుంచి ఈ పనులు చూస్తారు” అని పరిచయం చేస్తే చాలు. కేటగిరీ గురించి ఎవరూ అడగక్కర్లేదు, ఎవరూ తడుముకోనక్కర్లేదు.

ఇక్కడే ఇంకొకటి తెలియాలి. ఓసీ పాయింటు అంటే అగ్రకులాల వాటా అని చాలామంది అనుకుంటారు. అది అందరికీ తెరిచి ఉన్న పోటీ. పోటీలో నెగ్గి ఓపెన్‌లో ఎంపికైన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థిని రిజర్వుడు పాయింటు కింద లెక్కవేయకూడదని 1995లో ఆర్.కె. సభర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పక్క సీట్లో ఉన్న ఎస్సీ ఉద్యోగి ఓపెన్‌లోనే వచ్చి ఉండొచ్చు. కులం చూసి కోటాను ఊహించడం లెక్క ప్రకారం కూడా తప్పే.

“మిగతావాళ్లకంటే రెట్టింపు పనిచేసి నిరూపించుకో.”

ఇక్కడ చెప్పేవాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇదే. వినడానికి పౌరుషంగా ఉంటుంది. కులసంఘం పెద్దలు చెబుతారు, రిటైరైన మాస్టార్లు చెబుతారు, మేలుకోరే పైఅధికారి కూడా చెబుతాడు. దాని ఫలితం చూడండి. ఒకటో తేదీ పింఛన్ల పంపిణీ ఉంటుంది. 2024 జూలై నుంచి అది సచివాలయ ఉద్యోగులే ఇంటింటికీ వెళ్లి చేస్తున్నారు. తెల్లవారుజామున లేచి తన వీధులు పూర్తిచేసిన అమ్మాయి, “నిరూపించుకోవాలి” అన్న మాట గుర్తొచ్చి, పక్కవాళ్ల వీధులు కూడా నెత్తిన వేసుకుంటుంది. తర్వాత సర్వే వస్తుంది, ఈకేవైసీ వస్తుంది, ఓటర్ల జాబితా పని వస్తుంది. ఒకసారి ఒప్పుకున్న అదనపు పని మూడో నెలకల్లా ఆమె పనే అయిపోతుంది. ఎప్పుడైనా ఒంట్లో బాగోలేక వదిలేస్తే, “చూశారా, ఇలాంటివాళ్లను తెస్తే ఇంతే” అంటారు. రెట్టింపు చేసినన్నాళ్లూ ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక్కరోజు మామూలుగా చేస్తే మాత్రం లెక్కపెట్టారు.

నిరూపించుకోవాల్సింది ఏదీ మిగల్లేదన్నది నేను చెప్పదలచుకున్న మాట. పరీక్ష అయిపోయింది. ధ్రువపత్రాల పరిశీలన అయిపోయింది. ఇక మిగిలింది ప్రొబేషన్. మన రాష్ట్ర సర్వీసు నిబంధనల ప్రకారం నేరుగా నియమితులైనవాళ్లు మూడేళ్ల లోపల రెండేళ్లు డ్యూటీ చేసి ప్రొబేషన్ పూర్తిచెయ్యాలి. ఆ నిబంధన కులాన్ని బట్టి మారదు. ఓసీకి రెండేళ్లు, ఎస్టీకి నాలుగేళ్లు అని ఎక్కడా రాసిలేదు. ప్రభుత్వం అడగని పరీక్షను మనం మన పిల్లల చేత ఎందుకు రాయించాలి?

“వాళ్లు వస్తే పని నాణ్యత పడిపోతుంది” అన్న వాదనను లెక్కలతో పరీక్షించినవాళ్లున్నారు. ఆర్థికవేత్తలు అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ భారతీయ రైల్వేలో 1980 నుంచి 2002 దాకా సమాచారాన్ని తీసుకుని, ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల నిష్పత్తి పెరిగినచోట ఉత్పాదకత తగ్గిందా అని చూశారు. 2014లో వెలువడిన ఆ పరిశోధనలో తగ్గినట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు. పైస్థాయి ఉద్యోగాల్లో వాళ్ల వాటా పెరిగినచోట కొన్ని లెక్కల్లో మేలే కనిపించింది. రైలు ప్రయాణాన్ని నమ్ముకున్న దేశంలో ఇంతకంటే పెద్ద పరీక్ష ఏం కావాలి?

కాబట్టి కొత్త ఉద్యోగికి నా మాట: మీ పని మీరు పూర్తిగా, శ్రద్ధగా చెయ్యండి. పక్కవాళ్లకు అవసరమొస్తే సాయపడండి, అవతలివాళ్లు మీకు సాయపడినంత మేరకు. అంతకుమించి ఎవరైనా అడిగితే “సార్, ఇది కాగితం మీద ఇవ్వండి” అని మర్యాదగా అడగండి. చేసిన పనిని మీ డైరీలో తేదీతో రాసుకోండి. దీనికి పౌరుషం అక్కర్లేదు, అలవాటు ఉంటే చాలు.

సచివాలయాల సంగతే తీసుకుంటే, ఉద్యోగుల అసంతృప్తి నిజంగా ఎక్కడినుంచి పుట్టిందో అందరం చూశాం. చేరినప్పుడు నెలకు రూ.15,000. రెండేళ్లకు ప్రొబేషన్ ఖరారై స్కేలు రావాలి. 2021 అక్టోబరు దాటినా రాలేదు. 2022 జనవరిలో రాష్ట్రమంతటా నిరసనలు జరిగాయి. చివరికి కొత్త స్కేలు 2022 జూలై నుంచి అందింది. ఆ తొమ్మిది నెలలు ఇంటి అద్దె, బైకు ఈఎంఐ, చెల్లి పెళ్లి అన్నీ ఆగిపోయిన కుర్రాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. ఆ నిరసనలో ఒకే టెంటు కింద కూర్చున్నారు. ఉద్యోగంలో తృప్తి పోవడానికి ఆలస్యమైన స్కేలు, తేలని పదోన్నతి దారి, నెత్తిన పడే ఊహించని డ్యూటీలు కారణాలు. ఈ జాబితాలో పక్కవాడి కులం ఎక్కడా లేదు.

“నీకు రావాల్సిన ప్రమోషన్ వాళ్లు తన్నుకుపోయారు, బావా.”

ఇది జనరల్ ఉద్యోగికి చెప్పే సలహా. సలహాలా కాకుండా ఓదార్పులా చెబుతారు కాబట్టి ఇంకా లోతుకు దిగుతుంది. పదోన్నతి రాని బాధ నిజమైనది, దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. పదిహేనేళ్లు ఒకే కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా మనసు విరుగుతుంది. కానీ కారణం తప్పుగా తెలిస్తే మందు కూడా తప్పుదే పడుతుంది.

పదోన్నతుల్లో రిజర్వేషన్‌కు 1995లో వచ్చిన 77వ రాజ్యాంగ సవరణ దారి తీసింది. మన రాష్ట్రంలో 2003 నుంచి ఎస్సీ, ఎస్టీలకు అమలవుతోంది. బీసీలకు పదోన్నతుల్లో రిజర్వేషన్ లేదు. అయిదు కంటే ఎక్కువ పోస్టులున్న కేడర్లలోనే ఇది వర్తిస్తుంది. లెక్క చూస్తే నూటికి 21. మిగిలిన 79 పోస్టుల్లో పేరు ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడిగితే జవాబులు వేరేగా ఉంటాయి: సీనియారిటీ జాబితా ఖరారు కాలేదు, సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉండే ప్యానెల్ ఏడాదిలో పదోన్నతుల కమిటీ కూర్చోలేదు, కోర్టులో కేసు ఉంది, ఖాళీలను గుర్తించనే లేదు. వీటిమీద పోరాడితే 79 మందికీ, ఆ 21 మందికీ కూడా మేలు జరుగుతుంది.

అమెరికాలో ఒక ప్రభుత్వ సంస్థకు చెందిన ఏడు వేలకు పైగా ఉద్యోగుల మీద పార్కర్, బాల్టెస్, క్రిస్టియన్‌సెన్ 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. సంస్థ అఫర్మేటివ్ యాక్షన్‌ను సమర్థిస్తోందని భావించిన తెల్లజాతి మగ ఉద్యోగులు, దానివల్ల తమ ఎదుగుదల దెబ్బతిందనో సంస్థ అన్యాయం చేస్తోందనో అనుకోలేదని అందులో తేలింది. మన దగ్గరా అలా జరగడానికి అడ్డేమీ లేదు, ఎంపిక ఎలా జరిగిందో అందరికీ కనిపిస్తే చాలు. కాబట్టి అన్నయ్యా, ఆ సీనియారిటీ జాబితా నకలు అడుగు. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. రోస్టర్ రిజిస్టరు కూడా చూడు. నిజంగా తప్పు దొర్లితే ఆ కాగితమే నీ తరఫున మాట్లాడుతుంది. టీకొట్టు దగ్గర తిట్టుకుంటే ఏ పోస్టూ ఖాళీ కాదు.

“ఇదంతా ఓట్ల కోసం నిన్నగాక మొన్న పెట్టింది, ఎన్నాళ్లో ఉండదు.”

విశాఖపట్నం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1921లో, పానగల్లు రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం మొదటి కమ్యూనల్ జీవో ఇచ్చింది. పానగల్లు రాజా అసలు పేరు పానగంటి రామరాయణింగారు, కాళహస్తికి చెందిన తెలుగువారు. 1927లో వచ్చిన జీవో ప్రతి 12 ఉద్యోగాలను వర్గాలవారీగా పంచి, అణగారిన వర్గాలకు ఒకటి కేటాయించింది. ఆ మొదటి జీవోకు పందొమ్మిదేళ్ల ముందే, 1902లో, కొల్హాపూర్‌లో సాహు మహరాజ్ సగం ఉద్యోగాలు వెనుకబడిన కులాలకు కేటాయించారు. మన తాతల తండ్రుల కాలం నాటి సంగతి ఇది. రేపో ఎల్లుండో పోతుందని ఎదురుచూస్తూ పక్కవాళ్లతో ముభావంగా ఉండేవాళ్లు ఉద్యోగకాలమంతా ముభావంగానే గడిపేస్తారు.

“అందర్నీ ఒకేలా చూడండి సార్, కులం ఊసే ఎత్తకండి.”

అధికారులకు చెప్పే సలహా. సగం మంచిది, సగం మోసం. కులం ఊసెత్తని ఆఫీసులో కులం ఎక్కడికీ పోదు, పనుల పంపకంలో దూరుతుంది. ఎస్సీ కాలనీలో గొడవ వస్తే ఎస్సీ ఉద్యోగినే పంపడం. “మీవాళ్లే కదా, నువ్వు చెబితే వింటారు” అనడం. పారిశుద్ధ్య పనుల పర్యవేక్షణ ఎప్పుడూ ఒకరికే రావడం. కంప్యూటరు ముందు కూర్చునే పని, లెక్కల పని, అతిథుల్ని పలకరించే పని ఇంకొకరికి రావడం. ఇందులో ఏ ఒక్కటీ తిట్టు కాదు, ఏ ఒక్కదాని మీదా ఫిర్యాదు రాయలేం. కానీ అయిదేళ్ల తర్వాత చూస్తే ఒకరికి ఫైళ్లు నడపడం వస్తుంది, ఇంకొకరికి ఇప్పటికీ కాలనీ తప్ప ఇంకేమీ అప్పగించలేదు. తర్వాత “ఆయనకు ఆఫీసు పని రాదండీ” అంటారు. నేర్పకుండా రాలేదనడం అన్యాయం.

1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఇంజినీర్లను, అకౌంటెంట్లను మాట్లాడించి రాసిన పుస్తకం ఉద్యోగ తృప్తి మీద చర్చను మార్చేసింది. జీతం, సెలవులు, పైవాళ్ల అజమాయిషీ సరిగా లేకపోతే మనిషి అసంతృప్తి పడతాడు. అవి సరిగా ఉన్నంతమాత్రాన తృప్తి రాదు. చేతిలో చెప్పుకోదగ్గ పని ఉండడం, అది తన పనని గుర్తింపు రావడం, బాధ్యత పెరగడం, వీటివల్ల వస్తుంది. “నెలనెలా జీతం పడుతోంది కదా, ఇంకేం కావాలి” అని రిజర్వేషన్ ఉద్యోగితో అనేవాళ్లు ఈ రెండో సగాన్ని అతనికి ఇవ్వకుండా దాచుకుంటున్నారు.

అధికారి చెయ్యాల్సింది కష్టమైనదేమీ కాదు. పనుల పంపకాన్ని కాగితం మీద పెట్టి నోటీసు బోర్డుకు అంటించండి. మూడు నెలలకో ఆరు నెలలకో మార్చండి. కాలనీ పని ఒకసారి రెడ్డిగారమ్మాయికి, లెక్కల పని ఒకసారి కాలనీ అబ్బాయికి ఇవ్వండి. మండల సమావేశంలో ఒకరి పనిని మెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు వాళ్ల పేరుతో మెచ్చుకోండి, “మా స్టాఫ్” అని కలిపేసి వదిలెయ్యకండి.

బడి వంటగది సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మధ్యాహ్న భోజనం వండేవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఊళ్లో అఫర్మేటివ్ యాక్షన్‌కు ఇంతకంటే కళ్ల ముందుండే రూపం లేదు. “ఆమెను గిన్నెలు కడగడానికి పెట్టండి, వంట ఇంకొకరు చేస్తారు, గొడవ ఉండదు” అని హెడ్మాస్టరుకు చెప్పే పెద్దమనిషి ఆదేశాన్ని కాగితం మీద ఉంచి అసలు సంగతి తీసేస్తున్నాడు. వంట చేసే చెయ్యి ఎవరిదన్నదే అక్కడ ప్రశ్న. మాస్టార్లు పిల్లలతో పాటు కూర్చుని ఆమె వడ్డించింది తింటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

“ఆడగుంటవి, నీకెందుకు ఆ తిరుగుడు? ఆఫీసులో కూర్చో.”

మహిళలకు ఉద్యోగాల్లో వాటా ఇచ్చిన నిబంధన మన రాష్ట్రంలో 1984 నుంచి ఉంది. మొదట 30 శాతం. పి.బి. విజయకుమార్ కేసులో 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత అది మూడో వంతు అయింది. ఉద్యోగం ఇచ్చి ఫీల్డు పని ఇవ్వకపోవడం దయ కాదు. రేపు పదోన్నతికి ఫీల్డు అనుభవం అడుగుతారు. ఆమె భద్రత గురించి నిజంగా బెంగ ఉంటే సాయంత్రం అయిదు తర్వాత సర్వేలు పెట్టకండి, సచివాలయంలో నీళ్లొచ్చే మరుగుదొడ్డి, తలుపుకు గొళ్లెం ఉన్నాయో లేదో చూడండి. వికలాంగ ఉద్యోగి విషయంలోనూ అంతే. “పోస్టు ఇచ్చాం కదా” అని మేడ మీద గదిలో కూర్చోబెడితే 2016 వికలాంగుల హక్కుల చట్టం అడిగిన తగిన సదుపాయం ఇచ్చినట్టు కాదు. అతని టేబులు కింది గదికి దించడానికి ఏ జీవో అక్కర్లేదు.

“ప్రైవేటుకు పోతే ఈ కులం గోలే ఉండదు.”

అచ్యుతాపురం సెజ్‌కో, పరవాడ ఫార్మా సిటీకో పనికి వెళ్తున్న కుర్రాళ్లకు ఇది చెబుతారు. ప్రైవేటులో రిజర్వేషన్ లేదన్నది నిజం. కులం లేదన్నది మాత్రం అబద్ధం. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులను పంపారు. కొన్నిటిమీద అగ్రకులం పేరు, కొన్నిటిమీద దళితుల పేరు. 2007లో వెలువడిన ఆ ఫలితాల్లో దళిత పేరున్న దరఖాస్తులకు పిలుపు వచ్చే అవకాశం తక్కువని తేలింది. అదే ఏడు సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ కంపెనీల నియామక అధికారులతో మాట్లాడితే, వాళ్లలో చాలామంది “కుటుంబ నేపథ్యం” తప్పక అడుగుతామన్నారు. “మీ నాన్నగారు ఏం చేస్తారు?” అన్న ప్రశ్న ఎంత మామూలుగా ఉంటుందో, కూలికి వెళ్లే తండ్రి ఉన్న అబ్బాయికి అంత బరువుగా ఉంటుంది. ప్రైవేటుకు వెళ్లొద్దని నేననను. వెళ్లేముందు పీఎఫ్ నంబరు, నియామక పత్రం, ఎవరి రోల్ మీద తీసుకుంటున్నారన్నది అడగండి.

“మీలో మీకే పోటీ. వాళ్ల వాటా పెరిగితే నీది పోయినట్టే.”

ఎస్సీ ఉద్యోగికి చెప్పే సలహా ఇది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎస్సీల్లో ఉపవర్గీకరణ చెయ్యవచ్చని తీర్పు చెప్పింది. ఇదే విషయంలో 2004లో మన రాష్ట్రం ఓడిపోయిన చిన్నయ్య కేసు తీర్పు దాంతో చెల్లకుండా పోయింది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చి 15 శాతాన్ని మూడు గ్రూపులుగా విభజించింది: రెల్లి, దాని అనుబంధ కులాలకు 1, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5. ఉత్తరాంధ్రలో ఉన్నవాళ్లకు ఇది కాగితం మీది అంకె కాదు. విశాఖ వీధులు ఊడ్చే పనిలో తరతరాలుగా ఎవరున్నారో ఇక్కడ అందరికీ తెలుసు. అలాంటి రెల్లి కుటుంబంనుంచి ఒక అమ్మాయి డిజిటల్ అసిస్టెంటుగా వచ్చి కూర్చుంటే, దాన్ని తన నష్టంగా లెక్కవేసుకోమని మాల అబ్బాయికో మాదిగ అబ్బాయికో చెప్పేవాళ్లు, నిన్నటిదాకా అదే మాట వాళ్ల గురించి ఇతరులు చెబుతుంటే బాధపడ్డవాళ్లే. ఒక్క శాతం రాకపోతే ఆ అమ్మాయి ఎన్ని నోటిఫికేషన్లు చూస్తూ వయసు దాటించుకునేదో ఆలోచించండి.

“భరించు. ఫిర్యాదు పెడితే పేరు చెడిపోద్ది.”

ఇది చివరి సలహా, ఎక్కువమంది పాటించేదీ ఇదే. భరించినవాళ్లు బదిలీ అడుగుతారు, బదిలీ రాకపోతే సెలవు పెడతారు, సెలవులు అయిపోయాక మౌనంగా అయిపోతారు. ఆ మౌనాన్ని చూసి “ఇతనికి ఉద్యోగం మీద ఆసక్తి లేదు” అని రాస్తారు.

ప్రతి మోటుమాటా కేసు కాదు. మొదట ఆ మనిషితోనే, ఇంకొకరు ఉండగా, “ఈ మాట నాకు నచ్చలేదు, మళ్లీ అనకండి” అని చెప్పండి. చాలా సందర్భాల్లో అక్కడితో తేలిపోతుంది. తేలకపోతే రాయండి. తేదీ, సమయం, చోటు, అన్న మాట అన్నట్టుగా, అప్పుడు అక్కడ ఎవరున్నారో. విశేషణాలు వద్దు. ఆ అర్జీని మీ పైఅధికారికి ఇచ్చి, రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. అధికారి మీదే ఫిర్యాదైతే జిల్లా స్థాయికి ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల కోసం లైజాన్ అధికారి ఉంటారు. రాజ్యాంగంలోని 338వ అధికరణం కింద జాతీయ ఎస్సీ కమిషన్ ఉంది, దానికి నేరుగా రాయవచ్చు. నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. 2021 డిసెంబరు నుంచి 14566 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు కూడా ఇందులో పని ఉంది. ఆ మాట మీ ముందే అన్నారు. రేపు విచారణకు వచ్చినప్పుడు “నేనేదో ఫోన్లో ఉన్నానండి, వినలేదు” అనకండి. విన్నది విన్నట్టు రాసి, కింద మీ పేరు, హోదా వేసి సంతకం పెట్టండి.